తెడ్డు వదిలి తుపాకీ పట్టిన చేతులు

2021 ఆగస్టు ఆఖరి రోజున జపాన్‌లోని ఫుజీ స్పీడ్‌వేలో ఒకావిడ చేతులతో తిప్పే సైకిల్ మీద టైమ్ ట్రయల్ గెలిచి బంగారు పతకం పట్టుకెళ్లింది. మర్నాడు రోడ్ రేస్‌లో ఇంకొకటి. ఆరు నెలలు తిరిగాయో లేదో, 2022 మార్చి మొదటి వారంలో చైనా మంచుకొండల్లో అదే మనిషి కనిపించింది. ఈసారి కింద చక్రాలు లేవు. రెండు స్కీల మీద బిగించిన బుల్లి కుర్చీలో కూర్చుని, చేతికర్రలతో మంచును వెనక్కి నెట్టుకుంటూ వచ్చి, ఆగి, ఎయిర్ రైఫిల్‌తో గురి చూసి కొట్టి, మళ్లీ బయల్దేరి వెళ్లింది. ఆ పోటీలోనూ బంగారమే.

ఆవిడ పేరు ఒక్సానా మాస్టర్స్. అమెరికా జట్టు. ఆమెకు మొట్టమొదటి పారాలింపిక్ పతకం ఈ రెండు ఆటల్లో దేనిలోనూ రాలేదు. 2012 లండన్‌లో పడవ పందెంలో వచ్చింది. రోయింగ్, స్కీయింగ్, బయాథ్లాన్, సైక్లింగ్. మొత్తం నాలుగు ఆటలు. 2024 పారిస్ పోటీలు ముగిసేసరికి 19 పతకాలు, వాటిలో తొమ్మిది బంగారువి.

ఉద్యోగాల గురించి రాసే చోట క్రీడాకారిణి ఎందుకు వచ్చిందని మీకు అనిపించవచ్చు. కెరీర్ సలహా కోసం వచ్చే కుర్రాళ్లు, అమ్మాయిలు చివరికి అడిగే ప్రశ్న ఒకటే: “సార్, మూడేళ్లు ఇందులో పెట్టాను. ఇప్పుడు మారితే అదంతా దండగేనా?” మెకానికల్ చదివి కోడింగ్ వైపు చూసేవాళ్లదీ అదే దిగులు. గ్రూప్స్‌కు నాలుగేళ్లు చదివి ప్రైవేటు ఉద్యోగం వెతుక్కునేవాళ్లదీ, నీట్ మూడోసారి రాసి ఇక వద్దనుకునేవాళ్లదీ అదే. దండగా కాదా అన్నది మాటలతో తేల్చే విషయం కాదు, కూర్చుని లెక్క కట్టాలి. కొత్త చోటికి పాతదాంట్లో ఏది వెంట వస్తుంది, ఏది రాదు అని. ఆ లెక్క ఒక్సానా చేతుల్లో చాలా స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే ఆమె.

1989లో ఉక్రెయిన్‌లోని హ్మెల్నిట్‌స్కీ ప్రాంతంలో పుట్టింది. చెర్నోబిల్ అణు ప్రమాదం జరిగి అప్పటికి మూడేళ్లు. ఆ రేడియేషన్ వల్లే అంటారు, కాళ్ల ఎముకలు సరిగా ఏర్పడలేదు, చేతులకు బొటనవేళ్లు లేవు. అనాథాశ్రమాల్లో పెరిగింది. ఏడేళ్ల వయసులో గే మాస్టర్స్ అనే అమెరికన్ ప్రొఫెసర్ దత్తత తీసుకుంది. పెళ్లి చేసుకోకుండా ఒంటరిగా ఉన్న మహిళ ఆమె. తర్వాత వైద్యులు పిల్ల చేతులకు శస్త్రచికిత్స చేసి, లోపలివైపు వేళ్లను బొటనవేళ్లలా పనిచేసేట్టు మార్చారు. తొమ్మిదో ఏట ఒక కాలు, ఇంకొన్నేళ్లకు రెండోదీ తీసేయాల్సి వచ్చింది. ఇక్కడిదాకా చెప్పి కళ్లు తుడుచుకునే కథలు మనకు బోలెడు. కెరీర్ కోణంలో చూడాల్సింది ఆ తర్వాతి భాగం.

పదమూడేళ్లకు పడవ ఎక్కింది. లండన్‌లో ఆమె జోడీ రాబ్ జోన్స్, అఫ్గానిస్తాన్‌లో బాంబు పేలి రెండు కాళ్లూ పోగొట్టుకున్న మెరైన్ సైనికుడు. వాళ్లిద్దరిదీ నడుము, చేతుల బలంతో మాత్రమే తెడ్డు వేసే విభాగం. కంచు వచ్చింది. ఆ విభాగంలో అమెరికాకు అదే మొదటి పతకం. అక్కణ్నుంచి పద్దెనిమిది నెలలకు, 2014 సోచి శీతాకాల పోటీల్లో ఆమె స్కీల మీద ఉంది. ఒక వెండి, ఒక కంచు.

పద్దెనిమిది నెలల్లో కొత్త ఆటలో ప్రపంచ స్థాయి పతకమంటే ఆమెకు మంత్రదండం దొరికిందని కాదు. పడవలో వీపు, భుజాల కండరాలు తెడ్డును లాగుతాయి. స్కీ కుర్చీలో అదే వీపు, అదే భుజాలు, పొట్ట కండరాలతో కలిసి కర్రలను మంచులో గుచ్చి వెనక్కి నెడతాయి. పదేళ్లుగా పెంచుకున్న ఊపిరి, గుండె సత్తువ ఎక్కడికీ పోలేదు. నొప్పి మొదలయ్యాక ఇంకా ఎంతసేపు తోయొచ్చో ఒంటికి తెలుసు. ఏడాదికి తగ్గ శిక్షణ ప్రణాళిక వేసుకోవడం తెలుసు. ఇవన్నీ వెంట వచ్చినవి.

రానివి కూడా చూడండి. మంచు మీద మలుపు తీసుకోవడం పడవ నేర్పదు. వాలులో కుర్చీ ఒరిగిపోతే మళ్లీ నిలబెట్టుకోవడం కూడా నేర్పదు. ఇక తుపాకీ సంగతి వేరే. బయాథ్లాన్ అంటే స్కీయింగ్, షూటింగ్ కలిసిన ఆట. గుండె దడదడలాడుతూ వచ్చి పడుకుని, పది మీటర్ల అవతల గోళీకాయంత గురిని ఐదుసార్లు కొట్టాలి. తప్పితే అదనపు చుట్టు తిరగాలి, లేదా సమయం కలుపుతారు. అప్పటిదాకా పెంచుకున్న బలం అక్కడ పనికిరాకపోగా, ఊపిరి ఎగసిపడుతుంటే అడ్డం కూడా పడుతుంది. సోచిలో బయాథ్లాన్‌లో ఆమెకు పతకం రాలేదు. 2018లో వెండి. బంగారం 2022లో. అంటే స్కీయింగ్‌కు ఏడాదిన్నర పట్టిన పతకానికి, తుపాకీ కలిసేసరికి ఐదున్నరేళ్ల సాధన కావాల్సి వచ్చింది.

ఈ రెండు అంకెల మధ్య తేడానే మీరు కాగితం మీద రాసుకోవాలి. సివిల్ ఇంజనీరింగ్ చదివి డేటా ఎనలిటిక్స్‌కు వెళ్తున్నారనుకోండి. లెక్కలు వెంట వస్తాయి, రిపోర్టు రాయడం వస్తుంది, సైటు మీద కాంట్రాక్టరుతో మాట్లాడిన అనుభవం ఇంటర్వ్యూలో పనికొస్తుంది. కోడ్ రాయడం రాదు, దానికి సున్నా నుంచి మొదలే. ఆ సున్నా భాగానికి ఎన్ని నెలలు, ఎంత డబ్బు, ఇంట్లో ఎంత ఓపిక ఉందో చూసుకోవాలి. చాలామంది ఈ లెక్కను తలకిందులుగా వేస్తారు. వెంట వచ్చేది చూడకుండా భయపడేవాళ్లు కొందరు. రానిది చూడకుండా దూకేసి, ఆరు నెలల కోచింగ్‌తో అంతా అయిపోతుందనుకునేవాళ్లు ఇంకొందరు. రెండో రకం వాళ్లే ఎక్కువ దెబ్బ తినడం నేను చూశాను.

ఇంగ్లండ్‌కు చెందిన సారా స్టోరీది ఇంకో రకం ప్రయాణం. ఎడమ అరచేయి లేకుండా పుట్టింది. 1992 బార్సిలోనాలో పద్నాలుగేళ్ల పిల్లగా ఈత కొలనులో బంగారు పతకాలు గెలిచింది. ఈతలోనే మొత్తం ఐదు బంగారాలు వచ్చాయి. 2005లో చెవి ఇన్ఫెక్షన్ వదలక నీళ్లలో దిగలేని రోజుల్లో, ఒంట్లో సత్తువ పోకుండా చూసుకుందామని సైకిలెక్కింది. ఆ సైకిల్ మీద 2008 నుంచి 2024 దాకా ఇంకో 14 బంగారాలు. తాత్కాలికమనుకుని పట్టిన పని అసలు పని కంటే పెద్దదైంది. అలాగని ప్రతి పార్ట్‌టైమ్ పనిలోనూ జాతకం రాసి ఉంటుందని చెప్పడం లేదు. ఖాళీగా కూర్చునే నెలల్లో ఏం చేస్తున్నామన్నది కూడా బయోడేటాలో భాగమేనని మాత్రం గుర్తుంచుకోండి.

మన దగ్గరి ఉదాహరణ అంతకంటే పాతది. మురళీకాంత్ పేట్కర్ మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లావారు. సైన్యంలో ఈఎంఈ విభాగంలో చేరి, మన సికింద్రాబాద్ ఈఎంఈలో బాక్సర్‌గా పేరు తెచ్చుకున్నారు. 1965 యుద్ధంలో తూటాలు ఒంట్లో దిగాయి. బాక్సింగ్ అక్కడితో సరి. 1968లో టెల్ అవీవ్ పారాలింపిక్స్‌కు టేబుల్ టెన్నిస్ ఆటగాడిగా వెళ్లి మొదటి రౌండ్ దాటారు. 1972లో జర్మనీలోని హైడల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్ ఈత 37.33 సెకన్లలో ముగించి బంగారం గెలిచారు. భారతదేశానికి పారాలింపిక్స్‌లో అదే మొదటి బంగారం. అదే పోటీల్లో జావెలిన్, చక్రాల కుర్చీ స్లాలమ్ కూడా ఆడారు. పద్మశ్రీ రావడానికి మాత్రం 2018 దాకా ఆగాల్సి వచ్చింది. 2024లో ‘చందు చాంపియన్’ సినిమా వచ్చేదాకా మనలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు?

ఇక మన కాలానికి వద్దాం. వైకల్యం ఉన్న విద్యార్థికి, ఆ ఇంటి పెద్దలకు ఉపయోగపడే సంగతులు ఇక్కడి నుంచి మొదలవుతాయి.

పారా క్రీడల్లో అన్నిటికంటే ముందు అర్థం చేసుకోవాల్సింది క్లాసిఫికేషన్. మీ శరీరం ఏ పని ఎంతవరకు చేయగలదో చూసి ఒక తరగతిలో పెడతారు. అథ్లెటిక్స్‌లో ట్రాక్ అయితే ‘టీ’, విసిరే ఆటలైతే ‘ఎఫ్’, పక్కన ఒక అంకె. చూపు సమస్యకు 11 నుంచి 13, మేధో వైకల్యానికి 20, సెరిబ్రల్ పాల్సీ లాంటివాటికి 30ల్లో అంకెలు, కూర్చుని విసిరేవాళ్లకు 50ల్లో. అదే వరుసలో సాధారణంగా అంకె చిన్నదయ్యే కొద్దీ వైకల్యం ఎక్కువని అర్థం. ఈత కొలనులో వేరే అంకెలు, సైకిల్‌కు వేరే. అందుకే ఒక ఆటలో తరగతి దొరకని మనిషికి ఇంకో ఆటలో దొరకొచ్చు. ఒక ఆటలో తనకంటే బలమైన శరీరాలతో పోటీ పడాల్సి వచ్చిన మనిషి, ఇంకో ఆటలో సమానుల మధ్య నిలబడొచ్చు. పారా క్రీడాకారులు ఆటలు మారడానికి సగం కారణం ఇదే.

మన ఊళ్లలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. సదరం క్యాంపులో వైకల్యం 40 శాతం అని రాసిచ్చిన సర్టిఫికెట్ ఉంటే పారా క్రీడలకు అర్హత వచ్చేసినట్టే అనుకుంటారు. పింఛనుకు, రిజర్వేషన్‌కు ఆ కాగితం కావాలి, వైకల్య గుర్తింపు కార్డు యూడీఐడీ కావాలి. మైదానంలో తరగతి నిర్ణయించేది మాత్రం క్రీడా సంఘం నియమించిన క్లాసిఫయర్లు. శాతం ఎక్కువున్నా అర్హత రాకపోవచ్చు. తరగతి తర్వాత మారిపోనూవచ్చు. 2021 టోక్యో పారాలింపిక్స్‌లో మన డిస్కస్ క్రీడాకారుడు ఒకరు కంచు గెలిచినట్టు ప్రకటించాక, తరగతి మీద అభ్యంతరాలు వచ్చి, మళ్లీ పరీక్షించి, అర్హత లేదని ఫలితం రద్దు చేశారు. దేశమంతా అభినందనలు చెప్పేసిన మర్నాడు అది జరిగింది. అందుకని మొదటి రెండు మూడేళ్లలోనే సరైన క్లాసిఫికేషన్ చేయించుకోవడం, అంతర్జాతీయ పోటీకి వెళ్లాక అది ‘మళ్లీ చూడాలి’ అన్న స్థితిలో ఉందా, ‘ఖాయం’ అన్న స్థితిలో ఉందా తెలుసుకోవడం అవసరం. పతకం కంటే ముందు ఈ కాగితం.

ఇంకో పొరపాటు. వినికిడి లోపం ఉన్నవాళ్లకు పారాలింపిక్స్‌లో విభాగం లేదు. వాళ్లకు డెఫ్లింపిక్స్ వేరే ఉన్నాయి. హైదరాబాద్ షూటర్ ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో బంగారం గెలిచింది అక్కడే. కర్నూలు అమ్మాయి షేక్ జాఫ్రీన్ మిక్స్‌డ్ డబుల్స్ టెన్నిస్‌లో కంచు గెలిచిందీ అక్కడే. పీఈటీ సార్లకు కూడా ఈ తేడా తెలియక, పిల్లల్ని తప్పు పోటీల చుట్టూ తిప్పడం జరుగుతుంటుంది.

వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వచ్చిన జీవాంజి దీప్తిది ఆట మారని మార్పు. మేధో వైకల్యం ఉన్న ఈ అమ్మాయి మామూలు జూనియర్ పోటీల్లో పొట్టి దూరాలు పరిగెత్తేది. కోచ్ నాగపురి రమేశ్ కంట పడింది. టీ20 తరగతి పారాలింపిక్స్ పరుగుల్లో ఉన్నవి 400, 1500 మీటర్లే. 100, 200 లేవు. కాబట్టి దీప్తి 400 మీటర్లకు మారింది. అది చూడటానికి చిన్న మార్పు. తెలిసినవాళ్లను అడగండి, 200 పరిగెత్తిన ఒంటికి ఆఖరి 150 మీటర్లు ఎలా ఉంటాయో. 2023లో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో బంగారం, 2024 మేలో కోబెలో 55.07 సెకన్లతో అప్పటికి ప్రపంచ రికార్డు, సెప్టెంబరులో పారిస్‌లో కంచు. తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 స్థాయి ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించింది. క్లాసిఫికేషన్‌కూ, పోటీ పట్టికకూ తగ్గట్టు నడిపించే పెద్దదిక్కు ఉండటం ఎంత తేడా తెస్తుందో ఆమె కెరీర్ చూస్తే తెలుస్తుంది.

పోటీ పట్టిక అన్నాను కదా, అది చాలా పెద్ద విషయం. పారాలింపిక్స్‌లో ప్రతిసారీ అన్ని తరగతులకూ అన్ని ఈవెంట్లూ ఉండవు. దేవేంద్ర ఝఝారియా 2004 ఏథెన్స్‌లో ఎఫ్46 జావెలిన్‌లో 62.15 మీటర్లతో బంగారం గెలిచాడు. తర్వాత బీజింగ్, లండన్ పోటీల్లో ఆ తరగతికి జావెలినే పెట్టలేదు. 2016 రియోలో మళ్లీ వచ్చింది. 63.97 మీటర్లు విసిరి మళ్లీ బంగారం. మధ్యలో పన్నెండేళ్లు. మానసీ జోషి హైదరాబాద్ గోపీచంద్ అకాడమీలో సాధన చేసి 2019లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో బ్యాడ్మింటన్ ఎస్ఎల్3 తరగతి సింగిల్స్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. టోక్యో పారాలింపిక్స్‌లో బ్యాడ్మింటన్ మొదటిసారి పెట్టారు. అందులో మహిళల ఎస్ఎల్3 సింగిల్స్ లేదు. ప్రపంచ చాంపియన్‌కు తన విభాగంలో బరిలోకి దిగే అవకాశమే లేకపోయింది.

హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో ఉద్యోగ నోటిఫికేషన్ కోసం కూర్చున్నవాళ్లకు ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. ఝఝారియాలా నిలబడటం గొప్పే. కానీ అందరికీ అంత ఓపిక, అంత ఆసరా ఉండవు. నా మాట అడిగితే, మీ ఆట వచ్చే పోటీల్లో ఉందో లేదో మూడేళ్ల ముందే చూసుకోండి. లేదని తేలితే, మీ శరీరానికి సరిపోయే రెండో ఆటలో కాలు పెట్టి ఉంచండి. రోయింగ్ ఒక్కటే పట్టుకుని ఉంటే ఒక్సానా వెన్ను దెబ్బతిన్నప్పుడే కథ ముగిసేది. సోచి తర్వాత వెన్ను సహకరించకే ఆమె పడవ మానేసింది. కోలుకోవడానికి సాయపడుతుందని చేతి సైకిల్ పట్టింది. 2016 రియోలో పతకం లేదు. టోక్యోలో రెండు బంగారాలు, పారిస్‌లో మళ్లీ రెండు.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం. పారాలింపిక్ పతకానికి కేంద్ర ప్రభుత్వం బంగారానికి 75 లక్షలు, వెండికి 50, కంచుకు 30 లక్షలు ఇస్తోంది. క్రీడాకారుల శిక్షణకు కేంద్రం నడిపే టాప్స్ పథకంలో ప్రధాన జాబితాకెక్కినవాళ్లకు నెలకు 50 వేల భత్యం, శిక్షణ ఖర్చులు వేరే. వినడానికి బాగుంటుంది. పారిస్‌కు మన దేశం నుంచి వెళ్లింది 84 మంది. వాళ్లు తెచ్చిన 29 పతకాలు మన చరిత్రలోనే ఎక్కువ. దేశం మొత్తంలో 84 మంది! కాబట్టి పతకాన్ని జీతంగా ఊహించుకుని డిగ్రీ మానేయవద్దు. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ 2016 చట్టం ప్రకారం ఉంది. స్పోర్ట్స్ కోటాలో జాతీయ, అంతర్జాతీయ పారా పోటీల సర్టిఫికెట్లు చాలా చోట్ల చెల్లుతాయి. దరఖాస్తు చేసేముందు మీ పోటీ ఆ నోటిఫికేషన్‌లోని జాబితాలో ఉందో లేదో సరిచూసుకోండి. డిగ్రీ ఉన్న జాతీయ స్థాయి పారా క్రీడాకారుడికి ఉన్నన్ని తలుపులు, డిగ్రీ లేని పతక విజేతకు కూడా ఉండవు.

ఏ ఆటతో మొదలుపెట్టాలి? పరుగెత్తే బ్లేడు, పోటీ సైకిల్, ఆటకు తగ్గ చక్రాల కుర్చీ, ఇవన్నీ లక్షల్లో ఉంటాయి. ఆరంభంలోనే వాటి జోలికి పోవద్దు. షాట్‌పుట్, డిస్కస్, జావెలిన్ కూర్చుని విసిరేందుకు కుర్చీని ఊళ్లో వెల్డింగ్ షాపులో కొలతలు చెప్పి చేయించుకునేవాళ్లున్నారు. కొలతల నియమాలు ముందే చదువుకుంటే చాలు. పారా పవర్‌లిఫ్టింగ్ అంటే బెంచ్ ప్రెస్ ఒక్కటే. ఊళ్లో జిమ్ ఉంటే మొదలుపెట్టొచ్చు. ఈత కొలను దగ్గరలో ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే ఈత సత్తువ ఏ ఆటకైనా వెంట వస్తుంది. ఒక్కో ఆటకు ఒక సీజన్ ఇచ్చి చూడండి. రెండు వారాలకే ‘ఇది నాది కాదు’ అని తేల్చేయడం తొందరపాటు. అయిదేళ్లయినా జిల్లా స్థాయి దాటకపోతే మొండిపట్టు.

ప్రమాదంలో కాలో చేయో పోగొట్టుకున్నవాళ్ల విషయం కొంచెం వేరు. వాళ్లకు పాత ఆట అనుభవం ఉండవచ్చు. సుమిత్ ఆంటిల్ కుస్తీ పట్టేవాడు. 2015లో మోటార్ సైకిల్ ప్రమాదంలో ఎడమ కాలు మోకాలి కింద పోయింది. జావెలిన్ పట్టి టోక్యోలో 68.55, పారిస్‌లో 70.59 మీటర్లు విసిరి రెండుసార్లూ బంగారం. కుస్తీ ఇచ్చిన నడుము బలం ఎక్కడికి పోతుంది? సైన్యంలో గాయపడినవాళ్లకు పుణెలో ప్రత్యేక శిక్షణ కేంద్రం ఉంది. మన ఆంధ్రప్రదేశ్ జవాను కొంగనపల్లె నారాయణ మందుపాతర పేలి కాలు పోగొట్టుకున్నాక రోయింగ్‌కు వచ్చాడు. రోడ్డు ప్రమాదంలో కాలు కోల్పోయిన రాజస్థాన్ అమ్మాయి అనితతో కలిసి హాంగ్‌జౌలో వెండి గెలిచి, పారిస్‌కూ వెళ్లాడు. సైనికుడు, పక్కన ఒక అమ్మాయి, ఇద్దరు తోసే పడవ. పన్నెండేళ్ల ముందు లండన్‌లో ఒక్సానా కూర్చున్నదీ అలాంటి పడవలోనే.

మీకు వైకల్యం లేకపోయినా ఈ రంగంలో పని ఉంది. ఈ మాట మన కాలేజీల్లో ఎవరూ చెప్పరు. చూపు లేని రన్నర్ పక్కన తాడు పట్టుకుని పరిగెత్తే గైడ్‌కూ పతకం ఇస్తారు. జిల్లా స్థాయిలో ఆగిపోయిన మంచి స్ప్రింటర్‌కు అది రెండో జీవితం. ఫిజియోథెరపీ చదివినవాళ్లు, డాక్టర్లు, కోచ్‌లు శిక్షణ పొంది క్లాసిఫయర్లు కావచ్చు. కోచింగ్‌పై ఆసక్తి ఉంటే పటియాలా ఎన్ఐఎస్ డిప్లొమా పాత దారే అయినా గట్టి దారి. అన్నిటికంటే తక్కువమందికి తెలిసింది బీపీఓ. కాల్ సెంటర్ అనుకునేరు! కృత్రిమ కాళ్లు, చేతులు, ఆసరా పట్టీలు తయారుచేసి అమర్చడం నేర్పే నాలుగున్నరేళ్ల డిగ్రీ అది. ఇంటర్ సైన్స్ చదివినవాళ్లకు అర్హత. కటక్ దగ్గరి జాతీయ సంస్థలో, కోల్‌కతాలో, ముంబైలో ఉంది. చేతిపని మీద ఇష్టం, శరీరశాస్త్రం మీద ఆసక్తి రెండూ ఉన్న పిల్లలు చాలామంది ఎంబీబీఎస్ సీటు రాలేదని ఏడుస్తూ ఏదో ఒక డిగ్రీలో చేరిపోతుంటారు. వాళ్లకు ఇది చూపించండి. మేధో వైకల్యం ఉన్న పిల్లలతో పనిచేయాలనుకుంటే సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ప్రత్యేక విద్యలో కోర్సులు నడుపుతోంది. మన గుమ్మం ముందే ఉంది.

చివరగా, ఎప్పుడు మానేయాలన్న ప్రశ్న. దీనికి ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. ఒక్సానా రెండు గాయాలను పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం కొంత తెలుస్తుంది. వెన్ను గాయం, పడవకు ప్రతి తెడ్డుకూ కావాల్సిన చోట తగిలింది. మళ్లీ మళ్లీ వస్తుంది. ఆమె పడవ వదిలేసింది. 2018లో దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్ పోటీలకు మూడు వారాల ముందు మోచేయి దెబ్బతింది. అది తగ్గే గాయం. ఆమె వెళ్లింది. మీ వృత్తిలో వచ్చే అడ్డంకి ఈ రెంటిలో ఏ రకమో డాక్టర్ రిపోర్టు లాంటి నికార్సయిన కాగితం మీద చూడండి. పరీక్ష ఫలితాలు వచ్చిన రాత్రి మనసులో చూడకండి.

ఆ పోటీల్లో మొదటి రోజు బయాథ్లాన్‌లో వెండి వచ్చింది, తర్వాత స్కీయింగ్‌లో కంచు. మార్చి 13న పది కిలోమీటర్ల బయాథ్లాన్ మధ్యలో పడిపోయింది. మోచేయి మళ్లీ దెబ్బతిని, పోటీ ముగించకుండానే బయటికి వచ్చేసింది. అప్పటికి ఆమె నాలుగు పారాలింపిక్స్ చూసింది, నాలుగు ఆటలు ఆడింది, బంగారం ఒక్కటీ లేదు. మర్నాడు స్కీ స్ప్రింట్ ఉంది, 1.1 కిలోమీటర్లు. తుపాకీ లేని పోటీ అది. పడవ రోజుల నుంచి వెంట వచ్చిన చేతులతోనే నెట్టుకుంటూ వెళ్లి, తన మొదటి బంగారం గెలిచింది.